నిమ్మరసానికి కరిగే ఎనామెల్‌ను ఫ్లోరైడ్ ఎంతవరకు కాపాడుతుంది?

మీరు రాసిన విషయం మిగతావాళ్లకూ తెలిసేలా ముందు రెండు మాటల్లో చెబుతాను. మీరుండేది మధురవాడలో. రెండేళ్లుగా పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె కలుపుకొని తాగి, వెంటనే బ్రష్ చేసుకొని నడకకు వెళ్తున్నారు. ఆఫీసులో నిమ్మచెక్కలు వేసిన నీళ్ల సీసా పక్కన పెట్టుకొని మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెంగా తాగుతున్నారు. ఇప్పుడు పై ముందు పళ్ల అంచులు పల్చబడ్డాయి, పసుపు రంగు తేలింది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. డాక్టరు ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ల మీద పూసే ఫ్లోరైడ్ పూత, వేయించుకోమన్నారు. మీ అత్తగారిది కనిగిరి వైపు కావడంతో ‘ఫ్లోరైడ్ వల్లే కదా మా ఊళ్లో పళ్లూ ఎముకలూ పాడైంది’ అని ఆవిడ వద్దంటున్నారు. వార్నిష్ పనిచేస్తుందా, ప్రమాదమా, ఆరేళ్ల బాబుకు కూడా వేయించవచ్చా? ఇవీ మీ ప్రశ్నలు.

వార్నిష్ వేయించుకోండి. మీ వయసులో దానివల్ల ప్రమాదం లేదు. కానీ ఆ నిమ్మనీళ్ల సీసా టేబుల్ మీద అలాగే ఉంటే మాత్రం వార్నిష్‌కు పెట్టే డబ్బు వృథా అవుతుంది. విశాఖలో చాలా ఏళ్లుగా పళ్ల వైద్యం చేస్తున్నాను. ఫ్లోరైడ్ వేయించుకున్నాం కాబట్టి ఇక పులుపు ఎంత తాగినా ఫర్వాలేదని నమ్మి, ఏడాది తిరిగేసరికి మరింత అరిగిన పళ్లతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పుచ్చు పన్ను వేరు, ఆమ్లానికి ఎనామెల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, అరగడం వేరు. పుచ్చులో సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం తయారుచేస్తాయి. అది పాచి కింద, ఒక్కచోటే నెమ్మదిగా పన్నును తొలుస్తుంది. మీ విషయంలో సూక్ష్మజీవులతో పనిలేదు. ఆమ్లం బయటినుంచే నేరుగా వచ్చి పన్ను మొత్తాన్ని తడుపుతోంది. పళ్లు శుభ్రంగా ఉన్నవాళ్లకే ఈ అరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే శుభ్రమైన పన్ను మీద ఆమ్లానికి అడ్డుపడే పొర చాలా పల్చగా ఉంటుంది. ‘రోజూ రెండుసార్లు తోముతున్నాను, ఒక్క పుచ్చు కూడా లేదు, మరి ఇలా ఎందుకైంది’ అని మీరు బాధపడుతున్నారు. మీరు పళ్లను నిర్లక్ష్యం చేశారని ఎవరూ అనలేరు.

ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ స్ఫటికాలు. ఆమ్లం తీవ్రతను పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత తీవ్రమన్నమాట. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఈ స్ఫటికాలు కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం ఇంకొంచెం గట్టిది, అది సుమారు 4.5 వరకు తట్టుకుంటుంది. పుచ్చు పళ్లను ఫ్లోరైడ్ అంత బాగా ఆపగలగడానికి ఇదొక కారణం, ఎందుకంటే పాచి కింద పుట్టే ఆమ్లం ఎక్కువసార్లు ఈ రెండు అంకెల మధ్యే తిరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త పైన ఉంటుంది. గ్లాసు నీళ్లలో కలిపినా 3 దగ్గరే ఉంటుంది. కోలా డ్రింకులు 2.5 దగ్గర. కడుపులోంచి పైకి తన్నుకొచ్చే ఆమ్లమైతే 1 నుంచి 2. అంత తీవ్రమైన ఆమ్లం ముందు ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ కూడా కరుగుతుంది. ఫ్లోరైడ్‌కు ఇక్కడ ఉన్న పరిమితి ఇదే.

మరి వేయించుకోమని ఎందుకు అంటున్నాను? వార్నిష్‌లోలాగా గాఢమైన ఫ్లోరైడ్ పన్ను మీద పడితే, అక్కడి కాల్షియంతో కలిసి చిన్న చిన్న గుళికల్లా కాల్షియం ఫ్లోరైడ్ పొర ఏర్పడుతుంది. ఆమ్లం వచ్చినప్పుడు ముందు ఈ పొర కరుగుతుంది, ఆ మేరకు కింది ఎనామెల్ తప్పించుకుంటుంది. కరిగేటప్పుడు ఆ పొర వదిలిన ఫ్లోరైడ్, ఉమ్మిలో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్‌లు మెత్తబడిన చోటికి తిరిగి చేరడానికి సాయపడుతుంది. కాబట్టి ఫ్లోరైడ్ అరుగుదల వేగాన్ని తగ్గిస్తుంది. పోయిన ఎనామెల్‌ను మాత్రం తిరిగి పెంచలేదు. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి, అందుకే గోరులా, ఎముకలా అది మళ్లీ పెరగదు. ‘ఎనామెల్‌ను తిరిగి నిర్మిస్తుంది’ అని పేస్టు డబ్బాల మీద రాసేది, మెత్తబడినా ఇంకా ఊడిపోని పైపొర గట్టిపడటం గురించి మాత్రమే అనుకోండి.

ఈ మెత్తబడిన పొర గురించి ఇంకాస్త చెప్పాలి, మీ అలవాటులో అసలు నష్టం అక్కడే జరుగుతోంది. ఆమ్లం తగిలిన వెంటనే ఎనామెల్ ఊడిపోదు. పైన మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కలో ఒక పొర మెత్తబడుతుంది. అలా వదిలేస్తే ఉమ్మి దాన్ని కొంతవరకు బాగుచేస్తుంది. మీరేమో నిమ్మనీళ్లు తాగిన మరుక్షణమే బ్రష్ పట్టుకుంటున్నారు. తడి సున్నం గోడ మీద చీపురు వేసినట్టు, మెత్తబడిన ఆ పొరంతా బ్రష్‌తో పోతుంది. రెండేళ్లు రోజూ ఇలా జరిగితే అంచులు పల్చబడకుండా ఎలా ఉంటాయి? పైగా మీరు తాగేది వెచ్చని నీళ్లలో. ఆమ్లం చల్లగా ఉన్నప్పటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఎనామెల్‌ను త్వరగా కరిగిస్తుంది.

తాగాక అరగంట ఆగి తోముకుంటే చాలని చాలాచోట్ల చదివి ఉంటారు. అరగంటలో ఎనామెల్ పూర్తిగా గట్టిపడదు, దానికి గంటలు పడుతుంది. అందుకే నేను ఆగమని కాకుండా వరుస మార్చమని చెబుతాను. లేవగానే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో మెత్తని బ్రష్ పెట్టి తోముకోండి, ఆ తర్వాతే ఏదైనా తాగండి. పేస్టులోని ఫ్లోరైడ్ పళ్ల మీద ఉండగా ఆమ్లం వస్తుంది కాబట్టి కొంత రక్షణ ఉంటుంది. తోమాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించి కడిగేయకండి. మనకు నోరంతా శుభ్రంగా కడుక్కుంటేనే తృప్తి, అది నాకు తెలుసు. కానీ ఆ పుక్కిలింతతో ఫ్లోరైడ్ అంతా సింకులోకి పోతుంది.

నిమ్మనీళ్లు పూర్తిగా మానమంటారా అంటే, పరగడుపున తాగడం మానమనే అంటాను. విటమిన్ సి కోసమైతే జామకాయ తినండి, మధ్యాహ్నం అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. భోజనంలో తింటే నమిలేటప్పుడు ఊరే ఉమ్మి, పక్కనున్న మిగతా ఆహారం కలిసి ఆమ్లాన్ని పలుచన చేస్తాయి. మన భోజనం పెరుగన్నంతోనో మజ్జిగతోనో ముగుస్తుంది కదా, పళ్లకు అదెంతో మేలు. పెరుగూ పుల్లనిదే, పీహెచ్ 4 దగ్గరే ఉంటుంది. అయినా అందులో కాల్షియం, ఫాస్ఫేట్‌లు నిండుగా ఉండటంవల్ల ఎనామెల్‌లోంచి అవి బయటికి లాగబడవు. చింతపండు పులుసు, పులిహోర, రసం తినే ఇళ్లన్నిటిలో పళ్లు అరిగిపోవు, కంగారుపడాల్సిన పనిలేదు. కానీ పచ్చి చింతకాయ చప్పరించడం, పళ్లు పులిసేదాకా ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు తినడం, చప్పరించే విటమిన్ సి బిళ్లలు బుగ్గన పెట్టుకోవడం వేరే సంగతి. అక్కడ ఆమ్లం పన్నును చాలాసేపు అంటుకొని ఉంటుంది.

అందుకే మీ ఆఫీసు సీసా నన్ను పొద్దుటి గ్లాసుకన్నా ఎక్కువ బాధపెట్టింది. ఒక గ్లాసు నిమ్మనీళ్లు ఐదు నిమిషాల్లో తాగేస్తే, ఉమ్మి కాసేపటికే నోటిని మామూలు స్థితికి తెస్తుంది. అదే నీళ్లను నాలుగు గంటలపాటు చప్పరిస్తూ ఉంటే ఉమ్మికి ఆ అవకాశమే రాదు. ఎంత తాగారన్నదాని కంటే ఎంతసేపు నోట్లో ఉందన్నదే పళ్లకు ముఖ్యం. అదీకాక మన విశాఖ ఉక్కపోతలో చెమట ఎక్కువ పట్టి, బీచ్ రోడ్డు మీద నడిచొచ్చాక నోరు ఎండిపోయి ఉంటుంది. ఉమ్మి తక్కువగా ఉన్న ఆ సమయంలో నిమ్మసోడా, స్పోర్ట్స్ డ్రింక్ తాగితే దెబ్బ ఎక్కువ. నడక అయ్యాక ముందు మంచినీళ్లు తాగండి. సీసాలో నిమ్మచెక్కల బదులు పుదీనా ఆకులు వేసుకోండి, లేదా జీలకర్ర నీళ్లు పెట్టుకోండి. ఎప్పుడైనా పుల్లనిది తాగితే, అప్పుడు బ్రష్ జోలికి పోకుండా మంచినీళ్లతో పుక్కిలించండి. 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న మౌత్‌వాష్ ఉంటే ఇంకా మంచిది.

ఇక ఏ ఫ్లోరైడ్ అన్నది. వార్నిష్‌లో సాధారణంగా 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే సుమారు 22,600 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్. పళ్లను దూదితో ఆరబెట్టి, చిన్న బ్రష్‌తో పల్చగా పూస్తారు. ఉమ్మి తగలగానే అంటుకుపోతుంది. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు. ఆ పూట పళ్లు కాస్త పసుపుగా, జిగురుగా ఉంటాయి. ఆ రోజు మరీ వేడిగా, గట్టిగా ఉన్నవి తినకండి, రాత్రి వరకు తోమకండి. మీ స్థితికి మొదటి ఏడాది 3 నెలలకోసారి, అరుగుదల ఆగిందని తేలాక 6 నెలలకోసారి వేయించుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. వార్నిష్‌లో గుగ్గిలం లాంటి చెట్టు జిగురు ఉంటుంది. బ్యాండేజీ ప్లాస్టర్ల జిగురు పడనివాళ్లు, ఆస్తమాతో ఆసుపత్రిలో చేరినవాళ్లు, నోట్లో పుండ్లు ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

ట్రేలో పెట్టి నాలుగు నిమిషాలు ఉంచే ఫ్లోరైడ్ జెల్ కూడా ఉంది. ఎక్కువగా వాడే జెల్ 1.23 శాతానిది, దాన్ని ఆమ్లంతో కలిపే తయారుచేస్తారు. పింగాణీ క్యాపులు, పన్ను రంగు ఫిల్లింగులు ఉన్నవాళ్లకు దానివల్ల వాటి నునుపు పోతుంది. ఆమ్లానికే అరిగిన పళ్లకు నేనైతే ఆ జెల్‌కు బదులు వార్నిష్‌నో, ఆమ్లం లేని న్యూట్రల్ జెల్‌నో ఎంచుకుంటాను.

అయితే మూడు నెలలకోసారి పూసే వార్నిష్ కన్నా, రోజూ రెండుసార్లు వాడే పేస్టే ఎక్కువ పని చేస్తుంది. మనదేశ నిబంధనల ప్రకారం మామూలు టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంత ఉందో ట్యూబు మీదా పెట్టె మీదా రాయాలి. ఆ అంకె లేదంటే అందులో ఫ్లోరైడ్ లేదని అనుకోవచ్చు. మూలికల పేస్టులు చాలావాటిలో ఉండదు. తర్వాత ఏ రకం ఫ్లోరైడో చూడండి. సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అని ఉంటే పుచ్చు పళ్లకు మంచిదే, కానీ నేను పైన చెప్పిన కాల్షియం ఫ్లోరైడ్ పొర దానితో సులువుగా ఏర్పడదు. సోడియం ఫ్లోరైడ్ అంతకన్నా నయం. ఆమ్లపు అరుగుదలకు అన్నిటికన్నా బాగా పనిచేసేది స్టానస్ ఫ్లోరైడ్, అంటే తగరంతో కూడిన ఫ్లోరైడ్. తగరం ఎనామెల్ పైపొరలోకి చేరి, ఆమ్లానికి అంత తేలిగ్గా కరగని పొరను ఏర్పరుస్తుంది. పళ్లు జివ్వుమనడమూ తగ్గుతుంది. కొందరికి పళ్ల మీద లేత గోధుమరంగు మరకలు పడతాయి, క్లీనింగ్‌లో అవి పోతాయి. అన్ని దుకాణాల్లో దొరకదు, పెద్ద మందుల షాపులో పెట్టె వెనక పదార్థాల పేర్లు చదివి తీసుకోండి. పళ్లు తెల్లబడాలని బొగ్గు పేస్టు, ఉప్పు, పళ్లపొడి, కచ్చిక వాడుతుంటే ఈరోజే ఆపేయండి. మీ పళ్లలో కనిపించే పసుపు మురికి కాదు. ఎనామెల్ పల్చబడి, కిందనున్న డెంటిన్ రంగు బయటికి తెలుస్తోంది. ఎంత గట్టిగా రుద్దితే అంత పసుపు కనిపిస్తుంది.

వార్నిష్ వేశాక జివ్వుమనడం కొద్ది రోజుల్లోనే తగ్గవచ్చు. డెంటిన్‌లోని సన్నని గొట్టాలు మూసుకోవడంవల్ల వచ్చే ఉపశమనం అది. చాలామంది దాన్ని చూసి పన్ను బాగైపోయిందనుకుని మళ్లీ పాత అలవాటులోకి వెళ్తారు. దయచేసి మీరు అలా చేయకండి. మొదటి రోజే పళ్లకు దగ్గరగా ఫొటోలు తీయించి పెట్టుకోండి. అరుగుదలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసే పద్ధతి 2008 నుంచి వాడుకలో ఉంది. మీ డాక్టరును ఆ మార్కులు మీ కార్డు మీద రాయమనండి. ఆరు నెలల తర్వాత పోల్చి చూస్తేనే ఆగిందో లేదో తెలుస్తుంది.

ఒకటి మీరే అద్దంలో చూసుకోవచ్చు. మీరు చెప్పినట్టు ముందు పళ్ల బయటి వైపు అరిగితే తాగే వాటి మీద అనుమానం. పై పళ్ల లోపలి వైపు, నాలుక తగిలే చోట, నున్నగా అరిగిపోయి ఉంటే కడుపులోని ఆమ్లం పైకి వస్తోందని అనుమానించాలి. రాత్రిపూట ఛాతీలో మంట, పొద్దున నోట్లో పులుపు ఉంటే ముందు కడుపు డాక్టరును కలవండి, పళ్ల వైద్యం తర్వాత. గర్భంతో వాంతులయ్యేవాళ్లకూ ఇదే జరుగుతుంది. వాంతి కాగానే బ్రష్ చేయకుండా, నీళ్లలో చిటికెడు వంటసోడా వేసి పుక్కిలిస్తే ఆమ్లం విరిగిపోతుంది. బ్యాటరీలు, ప్లేటింగ్ పనుల్లో ఆమ్లపు ఆవిరి మధ్య ఉండేవాళ్ల ముందు పళ్లు కూడా ఇలాగే కరుగుతాయి. గాజువాక, ఆటోనగర్ వైపు అలాంటి పని చేసేవాళ్లు మాస్కు లేకుండా ఉండకూడదు.

ఇప్పుడు మీ అత్తగారి భయం గురించి. ఆవిడను తేలిగ్గా తీసుకోకండి, ఆవిడ కళ్లారా చూసింది నిజం. ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడవడాన్ని ఫ్లోరోసిస్ అంటారు. మనదేశంలో దాన్ని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి వంగిపోయిన నడుములు, గోధుమరంగు పళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఫర్వాలేదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి రోజూ 10 మిల్లీగ్రాములు వెళ్తుంది, ఏళ్ల తరబడి. మీకు నోరంతా పూసే వార్నిష్ అర మిల్లీలీటరు కూడా ఉండదు, అందులో ఫ్లోరైడ్ మొత్తం సుమారు 10 మిల్లీగ్రాములే. అది కూడా ఏడాదికి మూడు నాలుగుసార్లు. అంటే ఆ ఊళ్లో మూడు నాలుగు రోజులు నీళ్లు తాగినంత. అలాగే పళ్ల మీద మచ్చలు వచ్చే ఫ్లోరోసిస్, ఎనామెల్ దవడలో తయారవుతున్న చిన్న వయసులోనే వస్తుంది, దాదాపు 8 ఏళ్ల లోపు. మీ పళ్లు ఎప్పుడో తయారైపోయాయి, ఇక వాటికి రాదు. ఈ లెక్క ఆవిడకు నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

బాబు విషయంలో మాత్రం ఆవిడ జాగ్రత్త పనికొస్తుంది. అతనికి పుచ్చులు వచ్చే తీరు ఉంటే వార్నిష్ వేయించవచ్చు. పూతలా అంటుకుంటుంది, మింగేది తక్కువ కాబట్టి చిన్నపిల్లలకు జెల్ కన్నా అదే మేలు. పేస్టు శనగగింజంత చాలు, మీరు పక్కనుండి ఉమ్మించాలి. మౌత్‌వాష్ మింగకుండా ఉమ్మడం బాగా వచ్చేదాకా ఇవ్వకండి. ట్యూబు అందనిచోట పెట్టండి. 100 గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది, చిన్నపిల్లలు తియ్యగా ఉందని ఎక్కువ తినేస్తే పాలు తాగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వేసవి సెలవులకు బాబు కనిగిరి వెళ్తుంటే అక్కడ ఏ నీళ్లు తాగుతాడో తెలుసుకోండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు నీళ్లయితే ఫర్వాలేదు. వంటకూ అవే వాడమనండి. ఇక్కడ మీ అపార్టుమెంటులో జలాశయాల నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లు కాకుండా బోరు నీళ్లు తాగుతుంటే, ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించి ఆ కాగితం పళ్ల డాక్టరుకు చూపించండి. బాబుకు వార్నిష్ ఎన్ని నెలలకోసారి వేయాలో, ఏ పేస్టు ఇవ్వాలో దాన్నిబట్టే చెబుతారు. రెండో అభిప్రాయం కావాలనుకుంటే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ మీకు దగ్గరే. పిల్లల పళ్ల విభాగంలో బాబునూ, పళ్లను పీకకుండా బాగుచేసే కన్సర్వేటివ్ విభాగంలో మీరూ ఒకే పూట చూపించుకోవచ్చు.